మూడో సిలిండర్‌లో వాన

మూడో సిలిండర్‌లో ఉదయం నుంచి వాన పడుతోంది. మెకానిక్ గున్నేశ్వరరావు బోటు ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తాడు. పిస్టన్ మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. వాటిలో ఒక చిన్న మబ్బు నీడ కదులుతోంది. కర్రకు గుడ్డ చుట్టి అద్దుతాడు. మళ్లీ కురుస్తుంది.

గోదావరి అవతలి ఒడ్డు లంగరు ఎత్తేసిన సంగతి రేవులో అందరికీ తెలుసు. పొద్దు వాలేసరికి అది అరటితోటలతో, ఆరేసిన బట్టలతో సహా సముద్రం దారి పడుతుంది. గున్నేశ్వరరావు అక్క మంగతాయారు ఆ ఒడ్డు మీదే ఉంది. బంధువుల ఇంటికి పురుడు పోయడానికి వెళ్లింది. ఆమెను తీసుకురావలసినవాడు భర్త సూరిబాబు. మిగిలిన పడవలన్నీ కొంగల వెంట వలస వెళ్లాయి కనుక, నీటిని కింద పీల్చి వెనక్కి చిమ్ముతూ పరుగెత్తే ఈ జెట్ బోటు ఒక్కటే దిక్కు.

"కదుల్తుందంటావా?" అంటాడు సూరిబాబు.

"దగ్గుతోంది బావా. ఊపిరి నిలవట్లేదు."

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు, పిడిని చెవికి ఆనించి గున్నేశ్వరరావు వింటాడు. మొదటి సిలిండర్‌లో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. రెండోదానిలో ఎవరో పిండి రుబ్బుతున్నారు. రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. మూడోదానిలో వాన చప్పుడు, దాని వెనక అక్క గొంతు.

"ఏం కూర వండుకున్నారు?"

"వంకాయ," అంటాడు సూరిబాబు ఇంజన్ మీదికి వంగి.

"అబద్ధం. పచ్చడేసుకు తినుంటారు. గున్నా, మీ బావ చెవులు ఎర్రబడ్డాయేమో చూడు."

చూస్తాడు. ఎర్రగానే ఉన్నాయి.

పొగ బయటికి పంపే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. వెంట్రుకవాసి సందులోంచి అవతలి వాన, అవతలి మాట లోపలికి వస్తున్నాయి. ఇంజన్ బలం బయటికి పోతోంది. వాల్వు కాడకూ దాన్ని తొక్కే రాకర్‌కూ మధ్య కాగితమంత ఖాళీ ఉండాలి. గున్నేశ్వరరావు ఖాళీలు కొలిచే పలచని ఉక్కు రేకు తీసి చూస్తాడు. దూరదు. ఆ ఖాళీని సరిచేసే స్క్రూ మరీ బిగిసి ఉంది.

"ఈ స్క్రూ ఎవరు బిగించారు బావా?"

సూరిబాబు శుభ్రంగా ఉన్న పానాను ఇంకోసారి తుడుస్తాడు.

"మీ అక్క వెళ్లిన రోజు ఇంజన్ టకటకలాడుతోంటే నేనే బిగించాను. ఆ చప్పుడాగి మీ అక్క మాట వినపడింది. ఇంక వదులు చెయ్యబుద్ధి కాలేదురా."

"వదులు చెయ్యకపోతే బోటు కదలదు."

"చేస్తే మాట ఆగిపోద్ది."

"మాట ఇక్కడుంది, మనిషి అక్కడుంది. బోటు మనిషి దగ్గరికే వెళ్తుంది బావా."

లోపల వాన కాస్త తగ్గి వింటుంది.

"మీ బావ ఏడుస్తున్నాడా?"

"లేదక్కా. డీజిల్ పొగ."

"ఇంజన్ ఆగి ఉందిగా," అంటుంది మంగతాయారు. "వదులు చెయ్యమను. నేను తడిసిపోతున్నాను. వచ్చేటప్పుడు ఎర్ర..."

సూరిబాబు స్క్రూ తిప్పేస్తాడు. మాట అక్కడే తెగుతుంది. ఎర్ర ఏమిటో తెలియదు కనుక, ఇంట్లో ఉన్న ఎర్ర గొడుగు, ఎర్ర బకెట్టు, ఎర్ర దుప్పటి, ఎండుమిరపకాయలు అన్నీ తెచ్చి బోటులో పెడతాడు.

గున్నేశ్వరరావు ఇంజెక్టర్ తిరిగి బిగించగానే ఇంజన్ టకటకమంటూ అందుకుంటుంది. బోటు గోదావరిని పీల్చి వెనక్కి చిమ్ముతుంది. చిమ్మిన నీరు కింద పడకుండా ఆకాశంలో నిలబడుతుంది. అప్పుడే కదిలిన ఒడ్డును వాళ్లు అందుకుంటారు. తడిసిన చీరతో మంగతాయారు అరచేయి చాపుతుంది. సూరిబాబు తనదీ చాపుతాడు. రెండు చేతుల మధ్య కాగితమంత ఖాళీ మిగులుతుంది. ఎంత జరిగినా అది తగ్గదు.

గున్నేశ్వరరావు ఉక్కు రేకును ఆ ఖాళీలో పెట్టి లాగుతాడు. కొంచెం పట్టి, వస్తుంది.

"సరిగ్గా ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఇంతే ఉండాలి బావా. వేడెక్కితే అదే కలుస్తుంది."

వాళ్లు చేతులు కదపకుండా నిలబడతారు. చేతుల మధ్య సన్నటి ఆవిరి లేస్తుంది. టకటక నెమ్మదిస్తుంది.

"చెవులు," అంటుంది మంగతాయారు, ఆగిన చోటి నుంచి. "ఎర్ర చెవులు మర్చిపోకండి అన్నాను."

చేతులు కలుస్తాయి. ఆకాశంలో నిలబడ్డ గోదావరి వంగి, వాల్వు తన పీట మీద కూర్చున్నంత మెత్తగా, ముగ్గురి మీదా మూసుకుంటుంది. లోపల ఎవరూ తడవరు. పైనుంచి తాటిచెట్టంత స్క్రూడ్రైవర్ దిగి, మొన నీటికి ఆనించి ఆగుతుంది. పైన పిడికి చెవి ఆనించి ఎవరో వింటున్నారు.

మంగతాయారు జుట్టు ముడి వేసుకుని తల పైకెత్తుతుంది.

"ఏం కూర వండుకున్నారు?"