ఆర్కిడ్ల బోండాం

ఆ ఏడు ఢిల్లీని డెంగీ పట్టుకుంది. బజారులో కొబ్బరి బోండాలు మాయమైపోయాయి. ఊరందరికీ జ్వరం దిగులైతే కస్తూరికి బోండాల దిగులు.

ఆమె ప్రయోగశాలలో సీసాల్లో ఆర్కిడ్లు పెంచుతోంది. ఆర్కిడ్లంటే పువ్వులనుకునేరు, శనగగింజంత పచ్చటి ముద్దలు. వాటికి మట్టీ అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు. లవణాలు, పంచదార, అగర్ కలిపి కాచి, జున్నులా గడ్డకట్టించిన మేత చాలు. కాకపోతే అందులో లేత కొబ్బరినీళ్లు పడాలి. పడకపోతే ఆ మహారాణులకు సయించదు, నల్లబడి చచ్చిపోతాయి. పోయిన చలికాలం సగం సీసాలు అలాగే పోయాయి. మిగిలిన సగమే ఆమె మూడేళ్ల కష్టం, ఆమె పీహెచ్‌డీ. ఆ ముద్దల అంచులు అప్పుడే గోధుమరంగుకు తిరిగాయి. ఇవాళ కొత్త మేతలోకి మార్చకపోతే ఇక అంతే. ఫెలోషిప్పేమో మార్చితో సరి.

"కోనసీమ పిల్లవి, నీకు బోండాం దొరక్కపోవడమేంటమ్మా?" అన్నారు గైడు సదాశివరావుగారు. ఆయనకది హాస్యం. పొద్దున్నుంచీ జనక్‌పురి అంతా గాలించి కాళ్లు పీకుతున్న కస్తూరికి ఒళ్లు మండింది.

చివరికి కరోల్ బాగ్‌లో ఒక బండి మీద ఒక్కటంటే ఒక్క బోండాం కనిపించింది. బండివాడు దానిమీద చెయ్యి వేసి నిలదీశాడు.

"బుఖార్ కిస్కో హై, దీదీ?"

జ్వరం ఉన్న ఇంటికే ఇస్తానని అతని పంతం. సీసాల్లో మొక్కలకని చెబితే తరిమేసేలా ఉన్నాడు.

"మేరీ బెహన్ కో," అంది కస్తూరి. ఆమెకు చెల్లెలే లేదు.

అతను జాలిగా చూసి బోండాం చేతిలో పెట్టాడు. "అమ్మయ్య!" అంది, పైకే.

"తెలుగువాళ్లాండీ?" అన్నారు వెనకనుంచి. మాసిన గడ్డం, చేతిలో ఖాళీ సంచి, ఎవరో పెద్దాయన. "మాది ఏలూరండి. మా మనవరాలికి జ్వరమండి. ఏది పట్టినా కక్కేస్తంది. బోండాం నీళ్లొకటే నిలుస్తన్నాయి." ఆయన ఖాళీ బండి వైపు, ఆమె చేతుల వైపు చూశాడు. "పోన్లెండమ్మా, మీ చెల్లెలికి కానివ్వండి. నేనింకోచోట చూసుకుంటాను. చిన్నపిల్లాండీ?"

"ఊఁ," అంది కస్తూరి.

"పాపం," అన్నాడాయన. బస్సు వస్తే చెయ్యెత్తి ఆపింది కూడా ఆయనే.

బస్సులో బోండాం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బండివాణ్ని తిట్టుకుంది, ముసలాయన్ని తిట్టుకుంది, ఆర్కిడ్లని కసితీరా తిట్టుకుంది. ఆయనకు ఇంకోచోట దొరుకుతుందిలే అని సర్దిచెప్పుకోబోయింది. ఎక్కడా దొరకదని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? తర్వాతి స్టాపులో దిగి, లేని ఓపిక తెచ్చుకుని వెనక్కి పరుగెత్తింది.

ఆయన ఇంకా బండి దగ్గరే ఉన్నాడు, ఎటు వెళ్లాలో తోచనట్టు.

"తీసుకోండి బాబాయిగారూ."

"మరి మీ చెల్లెలో?"

"చెల్లెలు లేదండీ. ప్రయోగశాలలో మొక్కలకని కొన్నాను."

"మొక్కలకా?" అన్నాడాయన. ఆమెని ఎగాదిగా చూశాడు. ఆ చూపుకి కస్తూరి తలెత్తలేకపోయింది. ఆమె మళ్లీ లాక్కుంటుందేమో అన్నట్టు బోండాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని, ఆయన గబగబా జనంలో కలిసిపోయాడు.

ఆ సాయంత్రం కొబ్బరినీళ్లు లేకుండానే మేత కాచింది. ఏమవుతుందో తెలిసి కూడా ఒక్కో ముద్దనీ పట్టకారుతో ఎత్తి, నొప్పి కలగకూడదన్నంత జాగ్రత్తగా కొత్త సీసాల్లోకి మార్చింది. దసరా వెళ్లేసరికి అన్నీ నల్లబడ్డాయి. ఒక్కటీ మిగల్లేదు.

సదాశివరావుగారు సీసాలన్నీ వెలుతురుకి ఎత్తి చూశారు. కస్తూరి జరిగింది చెప్పేసింది. ఆయన తిడితే బాగుండునని ఉంది ఆమెకి. తిడితే ఏడవచ్చు, ఏడిస్తే కాస్త తేలికపడొచ్చు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంతకీ ఆ పిల్లకి తగ్గిందా?" అన్నారు.

"తెలీదు సార్," అంది కస్తూరి. "ఎక్కడుంటారని అడగనే లేదు."