సత్రపు మారెన్న

బెత్లెహేము సత్రానికి యజమాని మారెన్న. దాహమన్న మరియకు నీళ్ళిచ్చిన అవ్వ గిడ్డమ్మ. దూత మాట మొదట విన్న కాపరి పెద్ద ఈరన్న. బేతంచెర్లకు నాలుగు మైళ్ళ దూరానున్న ఆ పల్లె చర్చిలో నలభై తొమ్మిది క్రిస్మస్‌లుగా ఇదే చరిత్ర. ఆ నాటకం రాసినవాడు చర్చి ఉపదేశి గాబ్రియేలు. ఏటేటా ఆడించినవాడూ ఆయనే.

ఆయన మనుమరాలు స్తుతి ఆ నాటకంలోనే పెరిగింది. ఐదేళ్ళప్పుడు గంజితో దూది అతికించుకొని గొర్రెపిల్ల అయింది. ఎనిమిదేళ్ళప్పుడు వెండికాగితం చుట్టుకొని నక్షత్రమైంది. పన్నెండేళ్ళప్పుడు కుండ చంకనెత్తుకొని గిడ్డమ్మ అయింది. నాపరాళ్ళు పేర్చి కట్టిన వేదిక, తువ్వాలు తలపాగాలు, మీసాలకు పూసిన కాటుక చెమటకు జారి పెదవి మీదికి దిగడం, ప్రేక్షకుల్లోంచి అమ్మమ్మ కృపమణి గొంతెత్తి మాట అందించడం, ఇవన్నీ ఆమెకు డిసెంబరు అంటే గుర్తొచ్చేవి.

"తాతా, బైబిల్లో ఈ పేర్లు లేవు గదా?" అని ఒకసారి అడిగింది.

"సత్రపోనికి బైబిల్లో పేరే లేదు పాపా. లేనిచోట మనం పెట్టుకోవచ్చు. ఊరికే మాత్రం పెట్టగూడదు," అన్నాడాయన. అంతకు మించి చెప్పలేదు.

బనగానపల్లె మామిడిపండ్లు సంతకొచ్చిన ఈ వేసవిలో ఆయన వెళ్ళిపోయాడు. కృపమణి అంతకు ఆరేళ్ళ ముందే పోయింది. నాటకం నోటుపుస్తకం స్తుతి చేతికొచ్చింది. ఎవరికీ వినిపించకుండా పద్యాలు రాసుకునే పిల్ల ఆమె. నలుగురి ముందు నాలుగు ముక్కలు పలకమంటే వెనక వరుసలోకి జారుకునేది. అయినా యువజన సంఘం పెద్ద అరుణ్ కుమార్ వదల్లేదు. పాలిష్ ఫ్యాక్టరీ నుంచి ఒళ్ళంతా తెల్లటి రాతిపిండితో నేరుగా ఇంటికే వచ్చాడు.

"ఈసారి నువ్వే తిరగరాయాలక్కా. ఆ పేర్లు మార్చు ముందు. బెత్లెహేములో మారెన్న యాడుండాడు? పోయినేడు పక్కూరి పాస్టరుగారు విని కడుపు పట్టుకొని నగినాడు."

"తాత పెట్టిన పేర్లు గదా."

"మన ఊర్లో మారెన్నలే నలుగురుండారు. తాతకు తట్టిన పేరు పెట్టినాడు. నువ్వు కవివి, అర్థముండే పేర్లు పెట్టు."

ఆ మాట ఆమెకు నచ్చింది. బైబిలు నిఘంటువు తెరిచి వారంరోజులు కూర్చుంది. సత్రపు యజమానికి ఎలియాబు అని పేరు కుదిర్చింది. దేవుడు తండ్రి అని దాని అర్థం. గిడ్డమ్మను సలోమి చేసింది. ఈరన్నకు మీకాయా అని పేరు మార్చింది. మాటలు చెక్కింది, నిడివి తగ్గించింది. పనిలేదనిపించిన చిన్నచిన్న ఘట్టాలు కొట్టివేసింది. రాతప్రతి చూసుకున్నప్పుడు తొలిసారిగా తనమీద తనకు నమ్మకం కలిగింది.

డిసెంబరు రెండో ఆదివారం ఆరాధన ముగిశాక మొదటి రిహార్సలు. చర్చి గడప బయటి మెట్టు మీద, కంబళి భుజాన వేసుకొని, పైవీధి బండి మారెన్న వచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు గనుల నుంచి రైలుస్టేషనుకు నాపరాళ్ళు తోలిన మనిషి, ఎనభై దాటింది. హిందువు. అయినా ఏటా రిహార్సలుకూ వస్తాడు, నాటకానికీ వస్తాడు. లోపలికి రమ్మంటే మాత్రం రాడు. ఆ మెట్టే ఆయన స్థలం. ముసలాయనకు నాటకాల పిచ్చి అనుకొనేవారు అందరూ.

సత్రం ఘట్టం వచ్చింది. సత్రపు వేషం కట్టిన యేసుప్రసాద్ చేయెత్తి, "ఎలియాబునైన నా సత్రమున స్థలము లేదు," అన్నాడు. మరియ, యోసేపు పశువుల పాకవైపు నడిచారు. ఘట్టం ముగిసింది.

మెట్టు మీది నుంచి ఒక గొంతు వినిపించింది. "నా పేరోడు రాలేదేమప్పా ఈసారి?"

"పేర్లు మార్చినాం తాతా," అన్నాడు అరుణ్ కుమార్. "అన్నీ బైబిలు పేర్లే."

"అట్లనా," అన్నాడు మారెన్న. చేతికర్ర అందుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు. కంబళి కొస నాపబండల మీద ఈడ్చుకుంటూ వెళ్ళడం స్తుతి చూసింది. ఎందుకో మిగతా రిహార్సలు ఆమె చెవికెక్కలేదు.

ఇంటికొచ్చి పాత నోటుపుస్తకం తెరిచింది. తాను కొట్టివేసిన ఘట్టాల్లో ఒకటి ఎర్రసిరాతో రాసి ఉంది: "మారెన్న తన భుజము మీది కంబళి తీసి జొన్నసొప్పపై పరచును. ఈ ఘట్టము విడువరాదు." కింద రెండు గీతలు. పొడుగు తగ్గించడానికని తాను ముందుగా విడిచింది దాన్నే.

జొన్నపిండి కలుపుతున్న తల్లి ప్రసన్నకుమారిని అడిగింది. "అమ్మా, ఈ మారెన్న ఎవరు?"

"నాకేం తెలుసు? మీ తాత చెప్పేవాడు గాదు." పిండిలో వేళ్ళు ఆగాయి. "సత్రం వచ్చేతలికి మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొనేది. అది మాత్రం ఏటా చూసినా. నేను వాన పడి వంక పొంగిన దినం దారిలో పుట్టినానంట. యాడ పుట్టినానమ్మా అంటే, దారిలోనే అనేది."

మర్నాడు పొద్దున స్తుతి పైవీధికి వెళ్ళింది. వీధి మొదట్లో ఒకసారి, గుమ్మం ముందు ఒకసారి వెనుదిరగబోయింది. మారెన్న అరుగు మీద ఎండకు కూర్చొని ఉన్నాడు.

"గాబ్రియేలు సారు మనవరాలివా? కూచో పాపా."

ఆమె కూర్చుంది. అడగవలసిన మాట అడగలేక చున్నీ కొస మెలిపెట్టింది. ఆయనే ఇంటి పక్కన కూలిన మట్టిగోడ వైపు గడ్డం చూపాడు.

"ఆడ మా ఎద్దుల కొట్టం ఉన్న్యది. మీ యమ్మ ఆడనే పుట్టింది."

స్తుతి ఆ గోడ వైపు తిరిగి కూర్చుంది.

"వానదినం. మిట్టమధ్యాన్నం. మీ యవ్వకు నొప్పులొస్తాంటే మీ తాత ఆస్పత్రికని బయల్దేరినాడు. వంక పొంగింది. ఈ వీధిలో నాలుగిండ్లు అడిగి నా తావకొచ్చినాడు. ఇంట్లో చోటు లేదప్పా, కొట్టం ఉండాది, అంటి నేను." ఆయన కర్ర రెండో చేతికి మార్చుకున్నాడు. "చోటు శానా ఉన్న్యది పాపా. మూడంకణాల ఇల్లు. ఆ కాలంలో మీ వీధోళ్ళు మా గడప తొక్కగూడదు. మా నాయన లోపల కూచోనుండె. ఆయప్ప ముందర నాకు నోరు రాలేదు."

"తర్వాత?"

"సొప్పేసినా. తడిగా ఉండాదని నా కంబళి పరిచినా. అంతే నేను చేసింది. ఆ ఏడే మీ తాత నాటకం కట్టినాడు. ఎవురో చెప్తే పోయి చూస్తి. సత్రపోనికి నా పేరు. నోట్లో నా మాటే. ఒళ్ళు మండిపాయ. ఊరందరి ముందర నన్ను తిట్టిస్తాండాడే అని లేసి పోబోతి. అంతలో ఆ పిల్లోడు కంబళి తీసి పరిచినాడు. ఆ వానదినం దాన్ని చూసింది మీ తాతా మీ యవ్వ ఇద్దరే." ఆయన కళ్ళు తుడుచుకోలేదు, అవి తడవలేదు కూడా. "ఆ మాట అన్యాయంగా అంటి. ఆ కంబళి మంచిగా పరిస్తి. రెండూ నేనే. ఏటేటా చూసుకొనొస్తాంటి."

"తాత మీతో ఎప్పుడూ మాట్లాడలేదా?"

"ఏం మాట్లాడాల? అంతా ఆడిస్తాండె గదా."

స్తుతి లేచి నిలబడింది. ఈసారి మాట వచ్చింది. "పేరు మళ్ళా పెడతా తాతా. ఆ చోటు లేదనే మాట కావాలంటే తీసేస్తా. కంబళి ఒకటే ఉంచుతా."

"వద్దు పాపా," అన్నాడు మారెన్న. "ఆ మాట తీసేస్తే వాడెవురో మంచోడు. నాకు తెలీనోడు."

ఆ రాత్రే స్తుతి నిఘంటువు మూసి, ముగ్గురికీ పాత పేర్లు తిరిగి రాసింది. మారెన్న ఎవరో తెలిసింది. గిడ్డమ్మ ఏ దాహానికి నీళ్ళిచ్చిందో, పెద్ద ఈరన్న ఏ మాట ముందుగా విన్నాడో ఇక వెతుక్కోవాలి. అరుణ్ కుమార్ విషయమంతా విని చాలాసేపు తల గోక్కున్నాడు. "పాస్టరుగారు నగితే నగనీలేక్కా," అన్నాడు చివరికి.

తల్లికి మాత్రం క్రిస్మస్ పొద్దున చెప్పింది. ప్రసన్నకుమారి వింటూ వింటూ చీర కుచ్చిళ్ళు మూడుసార్లు విప్పి మూడుసార్లు పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం నాటకం. యేసుప్రసాద్ భుజాన పూలపూల దుప్పటితో వచ్చేసరికి మెట్టు మీది నుంచి మారెన్న చేయి ఊపి పిలిచాడు. "అది గాదప్పా. ఇది తీస్కపో." తన కంబళి తీసి ఇచ్చాడు.

లోపల ముందు వరుసలో కూర్చున్న ప్రసన్నకుమారి లేచింది. మనుషులను తప్పించుకుంటూ వెనక్కి నడిచి, గడప దాటి, మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. ఆయనకు దగ్గరి చూపు ఆనక, "ఎవురూ?" అన్నాడు.

"ప్రసన్నకుమారిని," అంది ఆమె. "కొట్టంలో పుట్టినదాన్ని."

మారెన్న కర్ర అవతలికి పెట్టాడు. కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చాడు.

వేదిక మీద యోసేపు తలుపు తట్టాడు. ఎవరక్కడ అని అడగ్గా బాటసారులమన్నాడు. యేసుప్రసాద్ గొంతు సవరించుకొని, "నేను మారెన్నను. ఇంట్లో చోటు లేదప్పా, కొట్టం ఉండాది," అన్నాడు. స్తుతి తెర పక్కనుంచి మెట్టు వైపు చూసింది. ఇద్దరూ కదలకుండా కూర్చొని ఉన్నారు. యేసుప్రసాద్ కంబళి తీసి, దులిపి, సొప్ప మీద జాగ్రత్తగా పరిచాడు. ప్రసన్నకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాటకం ముగిశాక కంబళి తిరిగి మారెన్నకు చేరింది. దానినిండా సొప్పాకులు అంటుకొని ఉన్నాయి. దులపబోయిన స్తుతి చేతిని ఆయన మెల్లగా పక్కకు తోశాడు. అలాగే భుజాన వేసుకొని, కర్ర ఊనుకుంటూ పైవీధి వైపు నడిచిపోయాడు.