పరజ కందనకాయ

గంగారత్నం ఆ పూట కూడా పరజ పులుసు ముట్టుకోలేదు. అన్నంలో మజ్జిగ పోసుకుని, ఎండుచేప ముక్క నంజుకుని తినసాగింది. మంగాయమ్మ కోడలితో మాట్లాడటం నిన్నటి నుంచే మానేసింది గనక, చెప్పదలుచుకున్నదంతా పొయ్యితో చెప్పింది. తెల్లారకముందే లేచి పిట్ట ఈకలు పీకిందెవరో, వరిగడ్డి మంట మీద కాల్చిందెవరో, ధనియాలు నూరిందెవరో ఆ పొయ్యికి తెలుసట. కడుపుతో ఉన్న పిల్ల తినాలని, ఇంట్లో మగాళ్లకు కూడా వెయ్యకుండా కందనకాయలు విడిగా దాచిందెవరో కూడా తెలుసట.

"బెజవాడ వెళ్లొచ్చిన నోరు గదా, మన పులుసు ఎట్టా దిగుద్ది," అంది చివరికి, దాక మీద మూత పెడుతూ.

బంగార్రాజు అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని, దానికి తినాలని లేకపోతే పోనీ అమ్మా, అన్నాడు.

"పోనియ్యటానికి ఇంకేం ఉందిరా," అంది మంగాయమ్మ. "రెండు పోయినయ్‌గా."

మంగాయమ్మ మొగుడు సూరయ్య కంచంలో చెయ్యి కడుక్కుని, వల ఆరేసిన గుంజల దగ్గరికి వెళ్లిపోయాడు.

వాళ్లది కొల్లేటి మధ్య ఒక లంక. చలికాలం మొదలవగానే సరస్సు మీదికి పరజలనే అడవిబాతులు దిగుతాయి. పొద్దున్నే చూస్తే నీళ్లు కనపడవు, అన్నీ నల్లటి వీపులే. ఆ లంకలో ఆడమనిషి నీళ్లోసుకుందంటే, ఆ చలికాలమంతా ఇంటికి వచ్చిన ప్రతి పరజ కందనకాయా ఆమెకే. రాళ్లను పిండి చేసే కందనకాయ తింటే కడుపు గట్టిపడి బిడ్డ నిలుస్తుందని వాళ్ల నమ్మకం. మంగాయమ్మ అలాగే తిన్నది. ఐదుగురిని కన్నది, ఐదుగురినీ దక్కించుకుంది. అందుకే ఈ విషయంలో ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

గంగారత్నం ఆ ఇంటికి వచ్చేనాటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. కోస్తాలో ఎక్కడెక్కడో దిగిన పటాలం దొరలు సెలవు దొరికినప్పుడల్లా తుపాకులు పట్టుకుని కొల్లేటికి రావడం కూడా అప్పుడే మొదలైంది. వాళ్లకు దోనె నడపడానికి తాసీల్దారు బంట్రోతు వచ్చి బంగార్రాజును పిలిచేవాడు. మంచి పిట్టలు దొరలు పట్టుకుపోతారు. దెబ్బ తిని గడ్డిలో పడి, ఆ పూటకు దొరకనివి మర్నాడు వెతికి తెచ్చుకోవడం దోనెవాడి వంతు. అవి మంగాయమ్మ పొయ్యి మీదికి వచ్చేవి. చింతపండు పులుసులో ఉడికేవి. తినేటప్పుడు పంటికింద ఆవగింజంత సీసపు గుండు తగిలితే తీసి కంచం అంచున పెట్టేవారు. మంగాయమ్మ వాటిని ఏరి, కడిగి, పాత పొడుం డబ్బాలో వేసేది. యుద్ధం వచ్చాక సీసం కొట్లలో దొరకటం లేదు. డబ్బా నిండితే సూరయ్య పెరట్లో ఇనప గరిటెలో వాటిని కరిగించి, విసురు వల అంచుకు పెట్టే గుళ్లు పోసేవాడు. సీసం బరువు ఉంటేనే వల గబగబా అడుక్కి దిగుతుంది, చేప తప్పించుకోదు.

ఆ గుళ్లను వల తాడుకు బిగించడం ఆడవాళ్ల పని. సుత్తితో కొడితే తాడు నలిగి తెగుతుంది. పంటితో నొక్కాలి. పళ్లు గట్టిగా ఉన్న కొత్త కోడలు గనక ఆ పని గంగారత్నానికి వచ్చింది. వసారాలో కూచుని, దోసెడు గుళ్లు ఒళ్లో పోసుకుని, రెండు బుగ్గన పెట్టుకుని ఒకటి నొక్కేది. చెయ్యి తిరిగిన పని అని మంగాయమ్మ ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పేది.

మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. రెండోది ఏడో నెలలో పుట్టి, ఏడవకుండానే పోయింది. ఆ తర్వాత రక్తం ఆగక, బంగార్రాజు ఆమెను దోనెలో పడుకోబెట్టి కైకలూరు చేర్చి, అక్కడి నుంచి రైల్లో బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ తెరేసమ్మ అనే నర్సు ఆమె మూతికి మందు రాయబోయి, పై పెదవి ఎత్తి చూసి ఆగిపోయింది. చిగుళ్ల అంచున, పళ్ల మొదట్లో, సిరాతో గీసినట్టు ఒక నీలి గీత. డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. మీ ఆయన అచ్చాఫీసులో పనిచేస్తాడా, రంగులు వేస్తాడా అని అడిగారు. కాదండి, చేపలు పడతాడండి అంది గంగారత్నం. నువ్వేం చేస్తావన్నారు. వలకు సీసం నొక్కుతానండి, పంటితో, అంది. ఇంట్లో ఏం తింటారన్నారు. అదీ చెప్పింది.

డాక్టరమ్మ చెప్పిందంతా, ఆమె వెళ్లాక తెరేసమ్మ మంచం పక్కన కూచుని మళ్లీ చెప్పింది. ఆ నీలి గీత ఒంట్లో చేరిన సీసం విషానికి గుర్తట, కడుపులో బిడ్డను నిలవనివ్వనిది ఆ విషమేనట.

"పిట్ట మాంసం తప్పు కాదమ్మాయ్. వలలో పడింది, మీ చేత్తో కోసింది, మెత్తగా ఉడికింది అయితే తిను, బలమే. చచ్చి నీళ్లలో నానింది వద్దు. తుపాకీ దెబ్బ తిన్నది అసలే వద్దు. సీసం మాంసంలో పొడిపొడిగా కలిసి ఉంటుంది, కంటికి కనపడదు. దాన్ని నోట్లో పెట్టే పని కూడా మానెయ్."

మానేస్తే ఈసారి నిలుస్తుందా అని గంగారత్నం అడిగింది. ఒంట్లోకి పోయిన సీసం ఎముకల్లో దాక్కుంటుంది, తొందరగా వదలదు, నేను మాటివ్వలేను అంది తెరేసమ్మ. ఇంకా పోనివ్వకుండా చూసుకోవటం వరకే నీ చేతిలో ఉంది అంది.

ఈ మాటలన్నీ గంగారత్నం ఇంటికొచ్చి చెప్పింది. మంగాయమ్మ ఓపిగ్గానే విన్నది. విని, కొల్లేరు కళ్లతో చూడని మనిషికి కొల్లేటి పిట్ట సంగతి ఏం తెలుసంది.

"సీసం మింగుతామా ఏంది మనం? ఊసేస్తాంగా," అంది.

వల పని మాత్రం ఆమె కోడలి చేత మళ్లీ చేయించలేదు. కసురుతూనే తనే ముందేసుకుంది, ఉన్న నాలుగు పళ్లతో. గుళ్లు సరిగ్గా బిగిసేవి కాదు. ఒక్కో గుండు జారి నీళ్లలో పడ్డప్పుడల్లా బెజవాడ నర్సుకు ఒక తిట్టు పడేది.

ఇప్పుడు గంగారత్నానికి మళ్లీ ఐదో నెల. సరస్సు మీద మళ్లీ పరజలు.

పులుసు ముట్టని ఆ పూట నుంచి మంగాయమ్మ కూడా అన్నం మానేసింది. అలిగినట్టు కాదు. వండుతుంది, అందరికీ వడ్డిస్తుంది, తన కంచం మాత్రం బోర్లించి ఉంచుతుంది. మర్నాడు సాయంత్రానికి పొయ్యి దగ్గర నుంచి లేవబోయి గోడ పట్టుకుంది. అది గంగారత్నం చూసింది. ఈమె తన మీద పగతో చేస్తే బాగుండేది, ఎదురు చెప్పొచ్చు అనుకుంది. వెళ్లి కంచం తెచ్చుకుని ఎదురుగా కూచుంది.

"పెట్టు అత్తా. నువ్వూ పెట్టుకో."

మంగాయమ్మ కళ్లు తుడుచుకుని వడ్డించింది. రెండు కందనకాయలూ, రొమ్ము ముక్కా వేసింది. గంగారత్నం ముద్ద కలుపుకుని తిన్నది. రెండో ముద్దలో పంటికింద టక్కుమంది. ఆమె నమలడం ఆపి, నాలుకతో ఆ గుండును ముందుకు తెచ్చి, వేళ్లతో తీసి కంచం అంచున పెట్టింది. మంగాయమ్మ అలవాటుగా చెయ్యి చాచి తీసుకుంది. చెంబులో నీళ్లతో కడిగి, పొడుం డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆమె మొహంలో ఎన్నాళ్లకో ఊరట కనపడింది. గంగారత్నం ఆ మొహం చూస్తూ మిగతా అన్నం తినేసింది.

తర్వాత పెరట్లోకి వెళ్లి అరుగు మీద కూచుని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. లోపల బిడ్డ కదిలింది. ఎప్పుడూ ఉండే మెలిపెట్టే నొప్పి కూడా ఉంది. రెండింట్లో ఏది ముందు ఆగుతుందోనని ఆమె కదలకుండా కూచుంది.

మంగాయమ్మకు పెరట్లో బాతులున్నాయి. గుడ్డు నుంచి పెంచినవి, ఆమె గొంతు వింటే బారుగా వస్తాయి. రెండు రోజుల నుంచి తెల్లమెడ బాతు మేతకు రావడం లేదు. రెక్కలు రెండూ కిందికి వేలాడేసుకుని, మెడ పక్కకు వంచి, గోడ వారన కూచుంటోంది. పచ్చగా పారుకుంటోంది. ఎవరి దిష్టో తగిలిందని మంగాయమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పొద్దున చూస్తే మెడ ఎత్తలేకపోతోంది. చచ్చేదాకా ఉంచితే మాంసం కూడా దక్కదని, మనసు రాయి చేసుకుని తనే కోసింది.

పెరట్లో కత్తిపీట ముందు కూచుని, అలవాటు ప్రకారం ముందు కందనకాయ తీసి నిలువునా చీరింది. ఇసక, నత్తగుల్ల ముక్కలు, వాటి మధ్య బూడిదరంగులో మెరుస్తున్న గింజలు. అరచేతిలో వేసుకుని నీళ్లు పోసింది. సీసపు గుళ్లు. గుండ్రంగా లేవు. అరిగిపోయి, పప్పుబద్దల్లా పలచబడి ఉన్నాయి.

ఇలాంటివి ఆమె పరజ కందనకాయల్లో చాలాసార్లు చూసింది. తుపాకీ దెబ్బ అక్కడిదాకా పోయిందనుకుని డబ్బాలో వేసుకునేది. కానీ ఇది తన బాతు. దీన్నెవరు కాల్చారు? చర్మం అంతా వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఎక్కడా గాయం లేదు.

లేచి, అంట్లు తోమే చోటికి వెళ్లింది. బాతులు ముక్కులతో కెలికిన బురదలో చెయ్యి పెట్టి దేవింది. సూరయ్య సీసం కరిగించే పొయ్యి పక్కన కూడా దేవింది. అరచెయ్యి తెరిచి చూస్తే కంచాల నుంచి జారినవి, గరిటె నుంచి చిందినవి, అవే సీసపు గింజలు; అక్కడే కూచుండిపోయింది.

సూరయ్య దోనె కట్టేసి వచ్చేసరికి ఆమె అలాగే ఉంది. చెయ్యి చాపి చూపించింది. చీరిన కందనకాయ కూడా చూపించింది.

"బాతుకు ఊసెయ్యటం తెలవదు గదయ్యా, అందుకని," అంది మంగాయమ్మ. ఆ మాట అంటూనే దానిమీద తనకే నమ్మకం పోయింది. "నేను తిన్లేదా? ఐదుగురిని కన్లేదా?"

సూరయ్య ఆమె పక్కన గొంతుక్కూచున్నాడు. ఈ ఇంట్లో ఇంతవరకూ ఈ గొడవలో నోరు విప్పని మనిషి ఆయన.

"నువ్వు కనేటప్పుడు పిట్టల్ని నేను వలేసి పట్టేవోణ్ణి మంగా," అన్నాడు. "బతికున్నదాన్ని తెచ్చి నీ చేతికిచ్చేవోణ్ణి. ఈ లంకలో తుపాకీ ఎక్కడిది అప్పుడు?"

మంగాయమ్మ కోడలిని పిలిచింది. గంగారత్నం వచ్చి నిలబడితే, ఎండలోకి రమ్మని, నోరు తెరవమంది. బొటనవేలితో పై పెదవి ఎత్తి చూసింది. ఆ నీలి గీత ఆమెకు కొత్త కాదు. బొగ్గుపొడితో పళ్లు తోముకుని సరిగ్గా పుక్కిలించదని ఎన్నోసార్లు కోడలిని కసిరింది. ఇప్పుడు చీరచెంగు తడిపి, ఆ గీత మీద మెల్లగా రుద్దింది. పోలేదు. మరోసారి రుద్దింది.

"నొప్పి పుడుతోంది అత్తా," అంది గంగారత్నం.

మంగాయమ్మ చెయ్యి తీసేసింది. తన నోరు ఆమె అద్దంలో చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె బాతునూ, దాకలో మిగిలిన పులుసునూ కాకులకు కూడా అందకుండా మెట్ట మీద గొయ్యి తీసి పూడ్చింది. రెండో బిడ్డను పెట్టిన చోటు అక్కడికి దగ్గరే. అటువైపు చూడకుండా మట్టి కప్పింది. దాకను అక్కడే పగలగొట్టి వచ్చింది. మిగిలిన బాతులను గంప కింద మూసింది. వాటిలో ఇంకొకటి అప్పుడే రెక్కలు వేలాడేసింది.

రాత్రికి పప్పు వండింది. కొత్త కుండలో వండిన పప్పు మట్టివాసన కొట్టింది. తినేటప్పుడు బంగార్రాజు, రేపు దొరలు పెద్దగుంపుగా వస్తున్నారట, తెల్లారక ముందే రమ్మని బంట్రోతు కబురు చేశాడని చెప్పాడు.

మంగాయమ్మ మామూలుగా అందరూ తిని లేచాక తింటుంది. ఇవాళ తన కంచం తెచ్చి గంగారత్నం కంచం పక్కన పెట్టుకుంది. కూచుని, గొంతు పెంచకుండా, అన్నం వైపు చూస్తూ కొడుకుతో చెప్పింది.

"రేపు నువ్వు వెళ్లబోకు. ఎల్లుండీ వద్దు. దొరలు కోప్పడితే పడనియ్. తుపాకీ పిట్ట ఇంక ఈ ఇంటి గడప దాటి రాదు. వలకున్న సీసం మొత్తం రేపు విప్పేసి, మీ తాత కట్టినట్టు కాల్చిన మట్టి గుళ్లు కడదాం. చేపలు తగ్గుతయ్, తెలుసు. తగ్గితే తగ్గనియ్." కోడలి కంచం తన దగ్గరికి జరుపుకుంది. "ఈ కడుపు నిలుస్తదో లేదో నాకు తెలవదు. కాన్పయ్యేదాకా దాని కంచంలో ఏం వెయ్యాలో అదే చెప్పుద్ది, నేను వండుతా."