పొరుగింటి పూచీ

ఇల్లు కొనదలచినవాడు మొట్టమొదట కొళాయి తిప్పి చూడవలెను. ఇది సృష్ట్యాది నుంచి చెక్కుచెదరని ధర్మం. నీళ్ళు ధారగా పడితే తల పంకించాలి, సన్నగా పడితే నిట్టూర్చాలి. పిమ్మట గోడను వేలితో తట్టి, ఏమీ బోధపడకపోయినా "ఊఁ" అనాలి. ఈ క్రతువంతా ముగిశాక అసలు పరీక్ష మొదలవుతుంది: పక్కింటి తలుపు తట్టి, "ఆ ఇల్లెలాంటిదండీ?" అని అడగడం.

ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన లైబ్రేరియనమ్మకు ఈ ధర్మసూక్ష్మం బాగానే తెలుసు. ఆమె ఇంట్లో పడకగదీ స్నానాలగదీ రెండూ మేడ మీదనే. ఎక్కాలంటే ఇరవై రెండు మెట్లు. భర్త మోకాళ్ళు ఏడాదిపాటు ఆ మెట్లతో వీరోచితంగా పోరాడి, ఈ మధ్యనే బేషరతుగా లొంగిపోయాయి. ఆయన సామ్రాజ్యం ఇప్పుడు హాల్లోని సోఫా వరకే. రెండు వీధుల అవతల, మెట్లెక్కే పని లేని ఫ్లాటు ఒకటి కుదిరింది. నెలాఖరులోగా ఈ ఇల్లు అమ్ముడైతే అది వాళ్ళది, లేకుంటే వేరెవరిదో.

బ్రోకరు మాటెత్తితే ఆమెకు ఒళ్ళు మంట.

"ముక్కూమొహం తెలియనివాడు మన ఇంటి గొప్ప చెప్పేదేంటి? మన పేట మనకు లేదూ?"

టైలరు దగ్గర ఒక మాట వేసింది, పాలవాడి చెవిన ఒక మాట, మందుల షాపులో ఒక మాట. వస్తామన్నవాళ్ళకు గేటు దాకా ఎదురెళ్ళి, ఇల్లంతా చూపించి, చివరికి పాఠకుణ్ణి సరైన బీరువా దగ్గరకు పంపినంత శ్రద్ధగా చెప్పేది:

"నా మాట నమ్మక్కర్లేదు. పక్కింటి వదినని అడగండి. ఇరవై ఏళ్ళ సాక్షి."

వరసకు వదినేమీ కాదు. పిట్టగోడ కలిపిన చుట్టరికం. అడిగినవారికి ఆధారగ్రంథం చూపడం లైబ్రేరియనమ్మకు వృత్తిధర్మం. ఆ గ్రంథాన్ని తానొకసారి తిరగేసి చూడాలని మాత్రం తోచలేదు.

మొదట బ్యాంకు కాషియరు వచ్చాడు. కొళాయి చూసి ముచ్చటపడ్డాడు, పక్కింటికి వెళ్ళాడు, మళ్ళీ కనబడలేదు. తరువాత వచ్చిన టీచరు దంపతులు మంచం ఏ గోడకు వెయ్యాలో కూడా తేల్చుకున్నారు. వదిన గుమ్మం దిగాక ఈ గేటు ముందు నుంచి తలొంచుకుని పోయారు. మూడో ఆసామి మందుల షాపాయన. ఆయన వదిన ఇంట్లో గంటసేపు కూర్చున్నాడు. అంతే సంగతులు.

"ఏం చెప్పావు వదినా వీళ్ళకి?"

"ఏం చెప్తాను, బంగారంలాంటి ఇల్లన్నాను. ఈ జనానికి ఇళ్ళు చాలవులే, రాజమహళ్ళు కావాలి. నువ్వు దిగులుపడకు, ఎవరికి రాసిపెట్టుందో వాళ్ళే వస్తారు."

ఆ ఆప్యాయతకు లైబ్రేరియనమ్మ కళ్ళు చెమర్చాయి.

నెలాఖరు నాలుగు రోజులుందనగా మందుల షాపాయన టేపు పట్టుకుని కిటికీలు కొలుస్తూ కనిపించాడు. వదిన ఇంటి కిటికీలు. లైబ్రేరియనమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

"ఇదేంటి వదినా?"

"నీతో చెబుదామనే అనుకుంటున్నా. మాక్కూడా ఇల్లు పెద్దదైపోయింది. ఆ కాషియరే బుర్రలో పడేశాడు, 'మీరూ అమ్ముతారా' అని."

"నా ఇంటి గురించి ఏం చెప్పావ్?"

"ఒట్టు, ఒక్క అబద్ధం చెప్పలేదు. వానొస్తే మేడ మీద గోడ చెమ్మెక్కుతుందన్నాను. ఎక్కలేదూ?"

"ఒక్కసారి! పదకొండేళ్ళ కిందట!"

"తారీఖు వాళ్ళడగలేదమ్మా."

"నా కొంప ముంచావు కదే!"

"ముంచడమేంటి వదినా, చెమ్మేగా అన్నాను."

ఫ్లాటు చేజారింది. భార్య ఏడుపు చూడలేక భర్త సోఫా మీద నుంచే ఓదార్చాడు: "పోనీలేవే. ఈ సోఫాకి నేను అలవాటైపోయాను." ఆ మాటతో ఆమె ఏడుపు రెట్టింపైంది. ఇరవై ఏళ్ళలో వదినకు చెప్పుకోని కష్టం లేదు. గోడ చెమ్మెక్కిన రోజున గుడ్డలు పట్టుకొచ్చి, పక్కన కూర్చుని తుడిచిన మనిషి కూడా వదినే.

వదిన సామాను తరలిన మర్నాడు మందుల షాపాయన దిగాడు. లైబ్రేరియనమ్మ పిట్టగోడ దగ్గరకు కదిలింది. ఆ ఇంటి సెప్టిక్ ట్యాంకు ఏటేటా సృష్టించిన ఉత్పాతాలు, పెరటి గోడ పగుళ్ళు, వంటింటి చెదలు, సమస్తమూ తారీఖులతో సహా ఆమెకు కంఠస్థం.

"ఒక్క మాట బాబూ. నా ఇంటి సంగతి వదినని అడిగారు, బాగానే ఉంది. మరి వదిన ఇంటి సంగతి ఎవర్నడిగారు?"

"మిమ్మల్నే అడుగుదామని వచ్చామండీ, నేనూ మా ఆవిడా. రెండుసార్లు." ఆయన నొచ్చుకున్నాడు. "పావుగంట నిలబడ్డాం. బెల్లు ఎంత నొక్కినా ఎవరూ పలకలేదు."

లైబ్రేరియనమ్మ వెనక్కి తిరిగి తన గుమ్మం వైపు చూసింది.

బెల్లు మూడు నెలలుగా పనిచెయ్యడం లేదు.