ముగ్గులో మిగిలిన మూల

జ్ఞానప్రసూనమ్మకి అమెరికాలో ఒకే ఒక్క కొరత. గడప లేదు.

పార్సిప్పనీలో తొమ్మిదేళ్లుగా ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో తలుపు తీస్తే బూడిదరంగు కార్పెట్. మొదట్లో మహాతల్లి ఆ కార్పెట్ మీదే బియ్యప్పిండితో నాలుగు గీతలు గీసింది. చీమలు పడుతున్నాయని అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కొడుకు ఫణి బతిమాలి స్టిక్కరు ముగ్గు తెచ్చి అతికించాడు. "ముగ్గంటే రోజూ వెయ్యాలిరా, ఏడాదికోసారి అతికించడమేమిటి, నా మొహం!" అని ఆవిడ దాని వంకైనా చూడలేదు.

అందుకే కోడలు జయంతి, కొందామనుకుంటున్న ఇంటి ఫొటో ఫోన్లో చూపించగానే ఆవిడ కళ్లు గడప మీదే పడ్డాయి. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి చివర ఇల్లు. పలకరాళ్ల క్వారీలో పనికి వేల్స్ నుంచి వచ్చినవాళ్లు నూట యాభై ఏళ్ల కిందట రాళ్లతో కట్టుకున్నారట. మూరెడు మందం గోడలు, రెండు గదులు, పైన అటక. ఎదురుగా ఊరందరిదీ అయిన పచ్చిక బీడు. అందులో ఎవరూ కంచె వెయ్యకూడదు, ఎవరైనా నడవచ్చు. "పోరంబోకన్నమాట," అంది ఆవిడ తృప్తిగా. గుమ్మంలో నల్లటి పలకరాతి గడప, రెండు జానల వెడల్పు!

ఇంటావిడ గ్వెన్‌కి ఎనభై రెండేళ్లు. ఆ ఇంట్లోనే పుట్టింది. మోకాళ్లు మొండికేశాక, పక్కనే ఉన్న కూతురి ఊళ్లో వృద్ధుల అపార్ట్‌మెంట్‌కి మారిపోతోంది. కానీ ఇల్లు ఎవరికి పడితే వాళ్లకి అమ్మదట. రాతి పొయ్యి పీకేస్తామన్నవాళ్లనీ, గోడ కొట్టేసి అద్దాలు పెడతామన్నవాళ్లనీ అప్పటికే పంపించేసింది.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, అక్కడ ఏదీ ముట్టుకోకండి," అని జయంతి కారులో దారిపొడుగునా చెబుతూనే ఉంది. ఆవిడ బుద్ధిగా తలూపింది.

తీరా వెళ్లాక ఫణి ఆఫీస్ కాల్ అని కారులోనే ఉండిపోయాడు. అటక చూడ్డానికి జయంతి గ్వెన్ వెంట లోపలికి వెళ్లింది. జ్ఞానప్రసూనమ్మ ఒక్కతే బయట. ఎదురుగా బోసి గడప. హ్యాండ్‌బ్యాగ్‌లో జిప్‌లాక్ సంచీ నిండా బియ్యప్పిండి. ఎందుకు తెచ్చిందని అడక్కండి, ఆవిడ పంటి డాక్టరు దగ్గరికెళ్లినా తెస్తుంది.

రెండు గీతలేగా అనుకుంది. సీసాలో నీళ్లు చల్లి, చెంగుతో తుడిచి, మొదలుపెట్టింది. పలకరాయి మీద పిండి ఎంత తెల్లగా పడిందో! తొమ్మిదేళ్ల తరవాత వేళ్లకి ప్రాణం లేచొచ్చింది. రెండు గీతలు కాస్తా మెలికలయ్యాయి, మెలికలు అంచు పొడుగునా పాకాయి. చివరి మూల కలపబోతుంటే లోపల్నించి కేక.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు! వాళ్ల ఇల్లది!"

చెయ్యి ఆగిపోయింది. జయంతి మొహంలో నెత్తుటి చుక్క లేదు. సారీల మీద సారీలు చెబుతూ టిష్యూలు తీసింది. వెనకే గ్వెన్ చేతికర్ర మీద ఆనుకుని, రెప్ప వెయ్యకుండా గడపనే చూస్తోంది. అయిపోయింది, నా చేతులతో నేనే పోగొట్టాను అనుకుంది జ్ఞానప్రసూనమ్మ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"తుడవకు," అంది గ్వెన్.

తరవాత ఆవిడ చెప్పిందంతా జయంతి మెల్లిగా తెలుగులో చెప్పింది. గ్వెన్ వాళ్ల నాయనమ్మ పొద్దున్నే ఈ గడప కడిగి, సుద్దముక్కతో ఇలాగే మెలికలు గీసేదట, చెడ్డదేదీ లోపలికి రాకుండా. ఆ నాయనమ్మకి వేల్స్‌లో వాళ్లమ్మ నేర్పిందట. నాయనమ్మ పోయాక అమ్మకి ఓపిక లేకపోయింది, తనకేమో సిగ్గేసింది. ఈ రాయి మీద తెల్లగీత చూసి డెబ్బై ఏళ్లయిందట.

"కానీ ఆ మూల తెరిచి ఉందంటున్నారు అత్తయ్యా. అలా వదిలితే అందులోంచే వస్తుందని వాళ్ల నాయనమ్మ అనేదట."

"నేను వదల్లేదు! నీ కేకకి ఆగింది! ముగ్గు మూల తెరిచి వదిలే ఆడదాన్నా నేను? చెప్పు ఆవిడకి!"

జయంతి చెప్పింది. గ్వెన్ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని, ఎప్పుడు వస్తారు ఈ ఇంటికి అని అడిగింది. తను వెళ్లేచోట గుమ్మంలో కార్పెట్టే ఉంది అని కూడా అంది.

కార్పెట్ అన్న మాట జ్ఞానప్రసూనమ్మకి జయంతి చెప్పనక్కర్లేకపోయింది. స్టిక్కరు సంగతి నోటిదాకా వచ్చింది. ఛ, పగవాళ్లకి కూడా వద్దు అనుకుని, సంచీలోంచి పిండి తీసి గ్వెన్ అరచేతిలో పోసింది.

"అమ్మాయ్, ఆవిడకి చెప్పు. ముగ్గు రోజూ నేనే వేస్తాను, శుక్రవారం నాడు మాత్రం ఈ మూల ఆవిడే వచ్చి కలపాలి. తెరిచి పెట్టుక్కూర్చుంటాను, ఆలస్యం చెయ్యొద్దని చెప్పు."

జయంతి ఒక పక్క, అత్తగారు ఒక పక్క పట్టుకుంటే గ్వెన్ మెల్లిగా వంగింది. వణికే వేళ్లలోంచి పిండి జారి గీత వంకరగా వచ్చింది. తొమ్మిదేళ్లుగా కోడలు చేసిన పని ఒక్కటీ సరిదిద్దకుండా వదలని జ్ఞానప్రసూనమ్మ, ఆ గీతని ముట్టుకోలేదు.