‘స’ చేరని గుమ్మం

“దానికి వినపడదులే, నువ్వు చెప్పు” అన్నాడు పెద్దాయన, ఇంటికొచ్చిన స్నేహితుడితో. ఆయన భార్య అక్కడే, చేతిలో టీ కప్పులతో నిలబడి ఉంది.

ఆ ఇంట్లో పెద్దావిడకి చెవుడన్న సంగతి అందరికీ తెలుసు, ఆవిడతో సహా. చిత్రమేమిటంటే పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే సన్నని సడి ఆవిడకి వినపడుతుంది. వీధి గేటు గడియ వినపడుతుంది. ‘దానికి వినపడదులే’ అన్న మాటయితే మరీ బాగా వినపడుతుంది. సరిగ్గా వినపడనిదల్లా హాల్లో మోగే పాట ఒక్కటే. ఇదేం వింత చెవుడో అనుకునేది ఆవిడ. పెద్దాయనది స్పీకర్లు తయారుచేసే షాపు. ఇంటి హాల్లో ఆయన చేతులతో చేసిన నిలువెత్తు డబ్బాలు రెండు, వాటికి సరిగ్గా ఎదురుగా ఒక కుర్చీ. అందులో ఆయన తప్ప ఇంకెవరూ కూర్చోరు. ఆయన కళ్ళు మూసుకుని పాట వింటుంటే, ఆవిడ పక్కన వంటింటి గుమ్మంలో కూరలు తరుగుతూ వినేది. పెళ్ళయిన కొత్తల్లో ఓసారి చుట్టాల ముందు పరధ్యానంగా కూనిరాగం తీసింది, “ఆగిరా వెన్నెలా, ఆగిరా” అని. హాలంతా ఘొల్లుమంది. అసలు పాట “సాగిరా వెన్నెలా” అట! “వెన్నెలని నడిరోడ్డు మీద నిలబెట్టేసిందిరా నా పెళ్ళాం. ఒట్టి చెవిటి మాలోకం!” అన్నాడాయన, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. ఇక ఆ మాటే ఆవిడకి ఇంటిపేరైపోయింది. షాపు ఫోన్లు ఎత్తనివ్వడం మానేశారు. నలుగురూ కూర్చుని ఏదైనా తేల్చుకునేటప్పుడు పిలవడం మానేశారు. “వినపడకపోవడమూ అదృష్టమేలే అమ్మాయ్, లేకపోతే రోజూ ఏడ్చేదానివి” అనేది అత్తగారు, పక్కనే కూర్చుని. ఆవిడ పాడడం మానేసింది. ఎవరేమన్నా, విన్నా వినకపోయినా, రెండోసారి చెప్పించుకోకుండా తలూపడం నేర్చుకుంది. మనిషికి తన చెవి మీద తనకే నమ్మకం పోయాక, నోరు తెరవడానికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

స్నేహితుడు వెళ్ళాక పెద్దాయన అన్నాడు, “రేపు పోయి చెవికి మిషను పెట్టిద్దాం. స్పీకర్లు చేసేవాడి పెళ్ళానికి చెవుడంటే నామోషీగా ఉంది నాకు.”

ఆవిడ తలూపింది.

“మిషను తర్వాత మామయ్యా” అన్న మాట వెనక గదిలోంచి వచ్చింది. మాట వెనకే కోడలూ వచ్చింది, కనుబొమల మీద రంపం పొట్టుతో. శబ్దం గురించి చదువుకున్న పిల్ల. షాపులో ఆ పిల్లకి దక్కింది మాత్రం బిల్లులు రాయడం, డబ్బాలు తుడవడం. ఇంటిపని అయిందనిపించాక వెనక గదిలో సొంతంగా ఒక డబ్బా చేసుకుంటోంది. పగుళ్ళున్నాయేమోనని కుండని వేలితో కొట్టి చూసినట్టు చెక్కని కొట్టి, చెవి ఆనించి వినే ఆ పిల్లని తలుపు సందులోంచి చూడడం ఆవిడకి ఎంత ఇష్టమో ఎవరికీ తెలియదు.

“అత్తయ్యా, కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకోండి.”

పెద్దాయన డబ్బాలో ‘షూ’ అని ఒక చప్పుడు పెట్టింది. కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టుంది. డబ్బాకి అంతే దూరం ఉండేలా చూసుకుంటూ, ఎదుటినుంచి పక్కకి, గుండ్రంగా నడిపించుకుపోయింది. నడిచేకొద్దీ ఆ ‘షూ’ మెత్తబడింది, మసకబడింది, చివరికి దుప్పటి కప్పుకుని ఎవరో ‘హూ’ అన్నట్టయింది. కళ్ళు తెరిస్తే ఆవిడ వంటింటి గుమ్మంలో ఉంది.

“చెవులు అవేగా అత్తయ్యా? మరి మారిందేమిటి?”

“నేను నిలబడ్డ చోటు” అంది ఆవిడ.

“అంతే! లావుపాటి స్వరం పోపు వాసనలా ఇల్లంతా పాకుతుంది. సన్నని స్వరం అలా కాదు, ఇంత పెద్ద కోన్ లోంచి, అదే, స్పీకరులో ఊగే ఆ కాగితం గరాటులోంచి వచ్చిందంటే టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతుంది. మామయ్య కుర్చీలోకి! ‘స’లు, ‘ష’లు అన్నీ ఆయనకి, దబదబలన్నీ మీకు.”

“పుస్తకాల కబుర్లు” అన్నాడు పెద్దాయన.

“అయితే మీరే వచ్చి ఇక్కడ నిలబడండి మామయ్యా.”

ఆ గుమ్మంలో ఆయన ఎన్నడూ నిలబడి ఎరగడు. సణుగుతూనే వచ్చాడు. కోడలు తన గొంతుతో రికార్డు చేసిన మాటొకటి పెట్టింది.

“ఏం వినపడింది?”

“ఆకు.”

“సాకు, మామయ్యా.”

ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. “మళ్ళీ పెట్టు.” మళ్ళీ ఆకే. ఆయన మొహం చూసి ఆవిడకి నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది.

“మీకూ చెవుడు లేదు, అత్తయ్యకీ లేదు. మార్చాల్సింది డబ్బాని” అంటూ కోడలు తన డబ్బా మోసుకొచ్చి పెట్టింది. అందులో సన్నని స్వరాలకి వేరే బుల్లి స్పీకరు, దాని చుట్టూ చెక్కని వెడల్పాటి పళ్ళెంలా తొలిచిన నున్నటి మూతి. టార్చి వెలుగుని వెడల్పు చేసినట్టు, ఆ మూతి స్వరాన్ని అటూ ఇటూ పరుస్తుందట. “గోడకి తగిలి వెనక్కొచ్చేది కూడా పాటేగా అత్తయ్యా, అదీ చక్కగా రావాలి” అంది, పాట పెడుతూ.

సాగిరా వెన్నెలా. ‘స’ పట్టుదారంలా వచ్చింది, తెగకుండా, గుమ్మం దాకా. పాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఆవిడ గుమ్మాన్ని పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ అందరూ తప్పుని తన చెవిలోనే చూశారు. ఈ పిల్ల ఒక్కతే, మీరెక్కడ నిలబడ్డారని అడిగింది. ఆ కనుబొమల మీది పొట్టుని కొంగుతో తుడిచింది ఆవిడ.

పెద్దాయన పాట అయ్యేదాకా అక్కడినుంచి కదలలేదు. తప్పయిందనే అలవాటు ఆయన నోటికి లేదు. కుర్చీ దగ్గరికెళ్ళి, దిండు దులిపి సర్దాడు. “రా, ఇవాళ నువ్వు కూర్చో ఇందులో” అన్నాడు. ఆయనకి తెలిసిన మర్యాదల్లో అంతకన్నా పెద్దది లేదు.

ఆవిడ ఆ కుర్చీ పక్కనుంచే నడిచి, కిటికీ కింద ఎండ పడే చోట కాళ్ళు చాపుకుని కూర్చుంది.

“అదేమిటి, అక్కడా?”

“ఎక్కడున్నా వినపడుతుందటగా” అంది ఆవిడ. “ఇక నా చోటు నేను చూసుకుంటానండీ.”