పై రెండు రంధ్రాలు

ఆ ఫ్యాక్టరీలో అతన్ని అందరూ సోడాబుడ్డి అనేవాళ్ళు. కళ్ళద్దాలు అంత మందం మరి. పైఅంతస్తు డ్రాయింగు గదిలో పద్నాలుగేళ్ళుగా ఉక్కు నిర్మాణాల బొమ్మలు గీస్తున్నాడు. మెట్లు, రెయిలింగులు, యంత్రాల పక్కన మనుషులు నిలబడే ప్లాట్‌ఫారాలు, వాటిని స్తంభాలకి పట్టి ఉంచే బ్రాకెట్లు. బ్రాకెట్టంటే పెద్ద విశేషమేం లేదు. ఒక ప్లేటు, దానికో ఊతం, బోల్టులకి నాలుగు రంధ్రాలు. కానీ రోజుకి ముప్పైసార్లు అదే ప్లేటూ అవే రంధ్రాలూ గీసి గీసి అతని ప్రాణం విసిగిపోయింది.

ఆర్నెల్లపాటు భోజనం విరామంలో ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో, బొమ్మని కంప్యూటరే గీసుకునేలా చేసే మాక్రోలు రాయడం నేర్చుకున్నాడు. ఒకరోజు సాఫ్ట్‌వేర్ పైవరసలో ఉండే మెనూల పక్కన 'బ్రాకెట్లు' అని కొత్త మాట వెలిసింది. దాన్ని నొక్కితే జాబితా కిందకి జారుతుంది. సైజు ఎంచుకుని, ఎక్కడ కావాలో అక్కడ ఒక్కసారి నొక్కితే చాలు. ప్లేటు, రంధ్రాలు, కొలతలతో సహా రెప్పపాటులో బొమ్మ తయారు.

డ్రాయింగు గదికి అధికారి అయిన పెద్దసారు అది చూసి, "ఇన్నాళ్ళూ ఈ బుర్ర ఎక్కడ దాచావయ్యా!" అని భుజం తట్టి, గదిలో ఉన్న ఐదు కంప్యూటర్లలోనూ పెట్టించాడు. ఆ తరవాత బ్రాకెట్ల డ్రాయింగులు చూడటమే మానేశాడు. మెనూ గీసిందిగా అని కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాడు. కింద షెడ్డులో ఫోర్‌మన్ సోడాబుడ్డికి స్వయానా బావ, అక్క మొగుడు. "మా బావమరిది మీట నొక్కితే బ్రాకెట్టు పుడుతుంది. ఇంకా నయం, పిల్లల్ని పుట్టించే మెనూ పెట్టాడు కాదు," అని టీ దగ్గర అందరినీ నవ్వించేవాడు. బావ మెచ్చుకుంటుంటే సోడాబుడ్డికి చెవులు ఎర్రబడేవి.

రెండు నెలలు బాగానే గడిచాయి. మూడో నెలలో, పొద్దున్న పదకొండు కాకముందే, షెడ్డులో పెద్ద చప్పుడైంది. ఆ వెంటనే ఒక అరుపు. అది మనిషి గొంతులా లేదు.

డ్రాయింగు గదిలో అందరూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు. షెడ్డు లోపల కొత్త క్రేను కోసం కట్టుకుంటున్న ప్లాట్‌ఫారం ఒక వైపు నుంచి ఊడి కిందకి వేలాడుతోంది. దాని అంచు కింద వెల్డరు వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి మోకాలి కింద ఏదీ ఉండాల్సిన చోట లేదు. జాకీలు పెట్టి ఎత్తుతుంటే వెల్డరు తన చేతిని తానే కొరుక్కున్నాడు. ఎత్తాక కాలు చెప్పుతో సహా పక్కకి తిరిగిపోయింది. సిమెంటు నేల మీద నెత్తురు కాలవ కట్టి మిషను కింద దాకా పోయింది. వెల్డరు తల ఒళ్ళో పెట్టుకుని అతని తమ్ముడు గొంతు చించుకుంటున్నాడు. అతను అదే షెడ్డులో గ్యాస్ కట్టర్.

కిటికీలోంచి సోడాబుడ్డికి ఇంకొకటి కూడా కనబడింది. స్తంభానికి బోల్టులున్నాయి. బోల్టుల దగ్గర బ్రాకెట్టు ప్లేటు కాగితంలా చిరిగి ఉంది. పై రెండు రంధ్రాల దగ్గరే చిరిగింది.

అందరూ మెట్లు దిగుతుంటే అతనొక్కడూ వెనక్కి వచ్చాడు. ఆ డ్రాయింగు గీసింది కొత్తమ్మాయి. చేరి నాలుగు నెలలైంది. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఫైలు తెరిచాడు. పై రంధ్రాలు ప్లేటు అంచుకి యాభై మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. పద్దెనిమిదిలో ఉన్నాయి. ఖాళీ చోట 'బ్రాకెట్లు' నొక్కి కొత్తది గీయించాడు. మళ్ళీ పద్దెనిమిది. తన కంప్యూటరుకి వెళ్ళి నొక్కాడు. యాభై. మళ్ళీ ఆమె కుర్చీలోకి వచ్చి తెర అడుగున వరసగా ఉన్న మీటలు చూశాడు. ఆమె తెరలో స్నాప్ వెలిగి ఉంది.

స్నాప్ అంటే, తెర మీది మౌస్ బాణాన్ని దగ్గర్లో ఉన్న గీత కొసకి లాక్కుపోయే సదుపాయం. చేత్తో గీసేవాళ్ళకి అది చాలా మేలు చేస్తుంది. కానీ మాక్రో గీస్తున్నప్పుడు అది వెలిగి ఉంటే, రంధ్రం పెట్టమన్న చోట పెట్టనివ్వదు. పక్కనే ఉన్న వెల్డింగు గీత కొసకి లాగేస్తుంది. మాక్రో మొదలయ్యే ముందు స్నాప్ ఆపమని ఒక్క వాక్యం రాయాలి. సోడాబుడ్డి రాయలేదు. తన కంప్యూటరులో స్నాప్ ఎప్పుడూ ఆపే ఉంచుతాడు కాబట్టి, ఆ వాక్యం కావాలని అతనికి తట్టనేలేదు.

అంబులెన్సు వెళ్ళిపోయింది. ఐదు నిమిషాల్లో మెట్ల మీద బూట్ల చప్పుడు.

ముందు గ్యాస్ కట్టర్ వచ్చాడు. చొక్కా ముందు భాగమంతా అన్న నెత్తురు. ఒక చేతిలో డ్రాయింగు కాగితం, ఇంకో చేతిలో నాలుగు కిలోల సుత్తి. వెనకాల పది పదిహేనుమంది. ముందు డ్రాయింగులు అచ్చేసే ప్లాటర్ మీద కొట్టాడు. తరవాత పెద్దసారు బల్ల మీద. గాజు ముక్కలు గదంతా ఎగిరాయి.

"ఎవడ్రా గీసింది?" అన్నాడు.

పెద్దసారు బీరువా పక్కకి నక్కి, కాగితం మూలనున్న పొడి అక్షరాలు చూపించాడు. తరవాత వేలు కొత్తమ్మాయి వైపు తిప్పాడు. "ఆ అమ్మాయి. నాకేం తెలీదు."

గ్యాస్ కట్టర్ సుత్తి పడేసి ఆమె జుట్టు పట్టుకున్నాడు. మొదటి దెబ్బకి ఆమె తల గోడకి తగిలింది. "నేను మెనూలోంచే తీశానండీ, నేను..." అంటుంటే రెండో దెబ్బ నోటి మీద పడింది. సోడాబుడ్డి నోరు తెరిచాడు. వాళ్ళకి తెలియదు కదా, ఎప్పటికీ తెలియదు కదా అని లోపల ఎవరో అంటున్నారు. మూడో దెబ్బకి ఆమె కింద కూలబడి చేతులతో తల కప్పుకుంది.

"ఆమె కాదు!" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "మెనూ నేను రాశాను. తప్పు మెనూలో ఉంది. నాది."

ఆ తరవాత అందరూ ఒక్కసారే అతని మీద పడ్డారు. కళ్ళద్దాలు మొదటే పోయాయి. అందువల్ల ఎవరు కొడుతున్నారో తెలియలేదు. ఒక మోకాలు కడుపులో దిగింది. ఎవరో కీబోర్డు ఎత్తి మొహం మీద కొడితే, మీటలు ఊడి పళ్ళతో పాటు రాలాయి. చేతిని ఎవరో బల్ల అంచుకి ఆనించి బూటుతో తొక్కితే వేలు విరిగిన చప్పుడు ముందు వినిపించింది, నొప్పి తరవాత వచ్చింది.

"తప్పుకోండి. వాణ్ణి నాకొదలండి." అది బావ గొంతు.

సోడాబుడ్డికి ప్రాణం లేచొచ్చింది. "బావా," అన్నాడు, నోట్లో నెత్తురు మింగుతూ.

బావ కాలరు పట్టి లేపి చెంప మీద కొట్టాడు. ఇంకొకటి. బెల్టు ఊడదీశాడు. "నా మనిషి కాలు తీశావు కదరా! నీ మిడిమేలపు తెలివి తగలెయ్య!" బకిల్ చెవి పైన తగిలి చర్మం చీరింది. మిగతావాళ్ళు కొట్టడం ఆపి చూస్తున్నారు. బావ మాత్రం ఆగడం లేదు. ఆగితే ఇంకేదో వినాల్సొస్తుందన్నట్టు కొడుతున్నాడు.

గుమ్మం దగ్గర నుంచి డ్రిల్లింగు ముసలాయన అన్నాడు, "రంధ్రం అంచుకి మరీ దగ్గరుందని నేను నీకు చెప్పాను ఫోర్‌మనూ. నాలుగు రోజుల కిందట."

బెల్టు గాల్లోనే ఆగింది.

"నువ్వేమన్నావ్? మా బావమరిది మెనూ తప్పు గీయదు, నోరు మూసుకుని రంధ్రం పొడువు అన్నావ్."

గ్యాస్ కట్టర్ వంగి సుత్తి తీసుకున్నాడు. సోడాబుడ్డికి కనబడిందల్లా ఒక మసక ఆకారం చెయ్యెత్తడం. బావ పారిపోలేదు, చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. సుత్తి భుజం మీద పడింది. ఎండుకర్ర విరిగినట్టు టక్కున శబ్దం. రెండోసారి ఎత్తబోతే గేటు కాపలావాళ్ళు వచ్చి గ్యాస్ కట్టర్‌ని నేలకి అదిమి పట్టుకున్నారు. నేల మీద మొహం ఆనించి అతను, "మా అన్న కాలు, మా అన్న కాలు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వెల్డరు కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. విచారణ జరిగింది. సోడాబుడ్డి జరిగింది జరిగినట్టు రాసిచ్చాడు. తప్పిన వాక్యం ఏదో, ఏ వరసలో ఉండాలో కూడా రాశాడు. అతన్నీ బావనీ పనిలోంచి తీసేశారు. పెద్దసారుని వేరే ఊరి కొలువుకి పంపారు. గ్యాస్ కట్టర్ మీద కేసు పెట్టమంటే బావామరుదులిద్దరూ పెట్టలేదు. కొత్తమ్మాయి మాత్రం పెట్టింది. కూడదని నచ్చజెప్పబోయినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసింది.

ఇంట్లో అక్క ఇద్దరికీ ఒకే గదిలో పక్కలు వేసింది. ఒకరికి భుజం కట్టు, ఇంకొకరికి చేతి కట్టు. గంజి గిన్నెలు రెండూ ఒకే బల్ల మీద ఠక్కున పెట్టి వెళ్ళిపోయేది. పదిహేను రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక పైకప్పు చూసేవాళ్ళు. ఒక మధ్యాహ్నం బావ, "చెవి నొప్పిగా ఉందా?" అన్నాడు. "తగ్గింది బావా," అన్నాడు సోడాబుడ్డి.

నెల తరవాత అతను ఫ్యాక్టరీకి వెళ్ళాడు. సరిచేసిన మాక్రో కాగితం మీద రాసి తెచ్చాడు. డ్రాయింగు గదిలో కొత్తమ్మాయి ఒక్కతే ఉంది. పై పెదవి మీద కుట్ల గుర్తు. ఆమె కాగితం అందుకుని, నిలబడే చివరిదాకా చదివింది.

"ఇది సరిగ్గానే ఉంది," అంది. "ఒకటి అడగొచ్చా?"

"అడుగమ్మా."

"తప్పు మెనూలో ఉందని మీకు ఎప్పుడు తెలిసింది? వాళ్ళు మెట్లెక్కకముందా, ఎక్కాకా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఎక్కకముందే," అన్నాడు.

"మూడు దెబ్బలు," అంది ఆమె. "నేను లెక్కపెట్టాను."

ఏదైనా తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె తిట్టలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టి, తన కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. పైవరసలో 'బ్రాకెట్లు' అన్న మాట లేదు. కింద సగం గీసిన ప్లేటు ఉంది. ఆమె తెరని మళ్ళీ తన వైపు తిప్పుకుని, కుర్చీ ముందుకి జరుపుకుని, మొదటి రంధ్రం చేత్తో గీయడం మొదలుపెట్టింది.